యెరికో మార్గములో తొందర: ఒక మనస్తత్వ పరిశోధన సంఘ కాపరికి నేర్పే పాఠము

ఉపోద్ఘాతము

లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానముపై ప్రసంగించని కాపరి మనలో బహుశా ఎవరూ ఉండరు. యాజకుడు, లేవీయుడు గాయపడినవానిని చూచి కూడా ఎందుకు ప్రక్కగా వెళ్ళిపోయారు? ఈ ప్రశ్నకు మనము సాధారణముగా రెండు జవాబులు చెబుతాము. వారి హృదయము కఠినమైనది అంటాము; లేదా శవమును ముట్టి అపవిత్రులమవుతామేమోనని భయపడ్డారు అంటాము. మనుష్యులు ఇటువంటి సమయములో ఎలా ప్రవర్తిస్తారో మనస్తత్వ శాస్త్రము కూడా పరిశీలించింది. ఆ పరిశీలనలలో ఒకటి వేదాంత విద్యార్థులపైనే జరిగినది. అందులో ఏమి తేలినదో, అది మన పరిచర్యకు ఎలా వర్తిస్తుందో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

పరిశోధన జరిగిన విధము

జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత సెమినరీ విద్యార్థులతో ఈ ప్రయోగము చేసి, 1973లో ఫలితాలను ప్రచురించారు. లెక్కలోనికి వచ్చినవారు 40 మంది. వారి భక్తి ఏ విధమైనదో తెలుసుకొనుటకు ముందుగా కొన్ని ప్రశ్నలకు జవాబులు వ్రాయించారు. తరువాత ఒక చిన్న ప్రసంగము సిద్ధపరచుకొని, ప్రక్క భవనములో దానిని రికార్డు చేయించాలని చెప్పారు. కొందరికి ఇచ్చిన అంశము మంచి సమరయుని ఉపమానము. మిగిలినవారికి ఇచ్చిన అంశము సెమినరీ పట్టభద్రులకు తగిన ఉద్యోగాలు.

బయలుదేరేటప్పుడు కొందరితో “ఆలస్యమైపోయింది, అక్కడ మీ కోసం చూస్తున్నారు” అన్నారు. కొందరితో “అంతా సిద్ధంగా ఉంది, వెళ్ళండి” అన్నారు. మరికొందరితో “ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది, అయినా వెళ్తూ ఉండండి” అన్నారు. దారిలోని సందులో, ఒక గుమ్మము దగ్గర, చిరిగిన బట్టలతో ఒక మనుష్యుడు తల వాల్చి కూలబడి ఉన్నాడు. విద్యార్థి దగ్గరకు రాగానే అతడు దగ్గి, మూలిగాడు. అతడు పరిశోధకులు ఏర్పాటు చేసినవాడని విద్యార్థులకు తెలియదు.

ఫలితాలు

మొత్తము 40 మందిలో 16 మంది మాత్రమే ఏదో ఒక విధముగా సహాయము చేశారు. తొందర లేనివారిలో 63 శాతము, కొంచెము తొందరలో ఉన్నవారిలో 45 శాతము, ఎక్కువ తొందరలో ఉన్నవారిలో 10 శాతము మంది సహాయపడ్డారు. సమరయుని గూర్చి ప్రసంగించబోయేవారిలో 53 శాతము, ఉద్యోగాలను గూర్చి మాట్లాడబోయేవారిలో 29 శాతము సహాయపడినా, పాల్గొన్నవారు తక్కువ గనుక ఆ తేడాను గట్టి ఆధారముగా పరిశోధకులు తీసుకొనలేదు. ఎవరి భక్తి ఏ విధమైనదో తెలిసినా, ఎవరు ఆగుతారో ముందుగా చెప్పలేకపోయారు. సమరయుని గూర్చిన ప్రసంగమును మనస్సులో పెట్టుకొని, పడి ఉన్నవానిని దాటుకుంటూ వెళ్ళిపోయినవారు కూడా ఉన్నారు.

అయితే ఆగకుండా వెళ్ళినవారిలో అనేకులు గమ్యము చేరేసరికి కలవరముతో కనబడ్డారని పరిశోధకులు గమనించారు. ఒక ప్రక్క పడి ఉన్న మనుష్యుడు, మరొక ప్రక్క తమ కొరకు కనిపెట్టుకొని ఉన్న మరొకరు. ఈ ఇద్దరి మధ్య వారి మనస్సు నలిగింది. దీనిని కఠిన హృదయమని మాత్రమే చెప్పలేము. సంఘ కాపరులకు ఈ స్థితి బాగా తెలుసు. మనము ఆగకపోవుటకు కారణము చాలాసార్లు మరొక చోట మన కొరకు కూర్చున్న విశ్వాసులే.

ఈ పరిశోధన పరిమితులు

ఇది ఒకే సెమినరీలో, 40 మందితో జరిగిన చిన్న ప్రయోగము. 1975లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ ఇవే లెక్కలను మరల పరిశీలించి, ఉపమానమునకు ప్రభావము లేదని తేల్చుటకు ఈ ఆధారము చాలదని వాదించాడు. కాబట్టి “ప్రసంగము వ్యర్థము” అని దీని నుండి బోధించకూడదు. మంచి ఉద్దేశ్యము కలిగినవారిని కూడా తొందర దాటించి తీసుకొనిపోగలదు అన్నంతవరకే మనము తీసుకొనవచ్చును.

వాక్యపు వెలుగులో

సమరయుడు కూడా ప్రయాణములోనే ఉన్నాడు. అతనికీ పని ఉండి ఉంటుంది. అతడు జాలిపడినట్లు చెప్పుటకు లూకా వాడిన గ్రీకు క్రియ లోపలి అవయవములను సూచించే మాట నుండి వచ్చినది. మన భాషలో కడుపు తరుక్కుపోవడం అంటాము. ఆ జాలి కలుగుటకైనా ముందుగా చూడాలి, చూచి నిలవాలి.

మార్కు సువార్త 5వ అధ్యాయము ఇంకా స్పష్టముగా ఉన్నది. యాయీరు కుమార్తె చావు బ్రదుకుల మధ్య ఉన్నది; ప్రభువు ఆ ఇంటికి వెళ్తున్నాడు. అంతకంటె అత్యవసరమైన పిలుపు ఏముంటుంది? అయినను 12 సంవత్సరములుగా రక్తస్రావముతో బాధపడిన స్త్రీ కొరకు ఆయన ఆగాడు. ఆమె తన సంగతి అంతయు చెప్పువరకు విన్నాడు. అంతలోనే చిన్నది చనిపోయిందన్న కబురు వచ్చింది. ఆయన ఆగినందుకు యాయీరు ఎంత కుమిలిపోయి ఉంటాడో ఊహించవచ్చును. అయినా ప్రభువు ఆ ఇద్దరిలో ఎవరినీ విడిచిపెట్టలేదు.

పరిచర్యకు అన్వయము

కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఆదివారము మొదటి ఆరాధన ముగించి, మరొక గ్రామములో ప్రభురాత్రి భోజన సంస్కారమునకు బయలుదేరుచుండగా, సంఘములోని ఒక యౌవనస్థుడు నా బండి హ్యాండిల్ పట్టుకొని “అయ్యగారూ, మీతో ఒక మాట” అన్నాడు. “వచ్చే వారం మాట్లాడుకుందాం తమ్ముడూ” అని వెళ్ళిపోయాను. తరువాతి వారము అతడు రాలేదు. అతనికి నెల రోజులుగా నిద్ర లేదని, చివరికి ఆసుపత్రిలో చేర్చారని అతని తల్లి చెప్పగా తెలిసింది. అతడు కోలుకున్నాడు, దేవునికి స్తోత్రము. కాని నేను అక్కడ పది నిమిషాలు ఆగి ఉండవలసినది. ఈ అనుభవము నుండి, పై పరిశోధన నుండి మూడు సంగతులు చెప్పదలచాను.

1. ఆదివారపు కార్యక్రమములో ఖాళీ ఉంచుకొనవలెను. రెండు ఆరాధనల మధ్య ప్రయాణమునకు సరిపడినంత సమయమే ఉంచుకొంటే, ఎవరి కొరకూ ఆగలేమని ముందే నిర్ణయించుకొన్నట్టే. అరగంట ఎక్కువగా ఉంచుకొనుట కూడా పరిచర్యలో భాగమే.

2. మానసిక వేదనలో ఉన్నవారు మొదటి మాటలోనే సంగతి చెప్పరు. “ఏమీ లేదు అయ్యగారూ, ప్రార్థన చేయండి” అంటారు. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి ఎలా ఉన్నవో అడగండి. అవసరమైతే చనిపోవాలన్న తలంపు వస్తున్నదా అని కూడా నెమ్మదిగా అడగవచ్చును. అలా అడిగితే ఆ తలంపు పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. ఇంతవరకు జరిగిన పరిశోధనలు ఆ భయమును సమర్థించుట లేదు.

3. సమరయుడు గాయములను కట్టి, పూటకూళ్ళవానికి అప్పగించి, తిరిగి వస్తానని చెప్పాడు. అన్ని పనులూ తానే చేయలేదు. మనము కూడా వ్యాధి లక్షణములు కనబడినవారిని మానసిక వైద్యుని యొద్దకు పంపవలెను. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవను 14416 నంబరుకు ఫోను చేసి పొందవచ్చును. వైద్యునికి అప్పగించుట విశ్వాసలోపము కాదు. అయితే అప్పగించి మరచిపోక, తిరిగి వెళ్ళి పరామర్శించవలెను.

ముగింపు

ఈ ఉపమానముపై మరల ప్రసంగించునప్పుడు, యాజకుని, లేవీయుని త్వరపడి తీర్పు తీర్చకుందము. ప్రసంగము ముగిసిన తరువాత గుమ్మము దగ్గర ఒకరు మనతో మాట్లాడగోరితే, వారి కొరకు నిలుచుటకు సమయము ఉంచుకొని బయలుదేరుదము.