ఆసనము వద్ద మానని దురద: కారణములు, చికిత్స

గుంటమగ్గముపై నేయువారు ఉదయము కూర్చున్నచో భోజనమువేళకు గాని లేవరు. చేతులాడును, కాళ్లాడును, నడుము క్రింది భాగము మాత్రము చెక్కనంటి కదలక యుండును. పడుగు తెగకుండుటకు గుంటలో కొంత చెమ్మ అవసరమే. కాని ఆ చెమ్మయు, ఒంటి చెమటయు కలిసి, గాలి తగులక, మలద్వారము చుట్టునుండు సున్నితమైన చర్మమును నానబెట్టును. నానిన చర్మము ఒరసికొని ఎఱ్ఱబడి దురద పెట్టును. షోలాపురము, భీవండీలలో మరమగ్గముల కడ నిలిచి పనిచేయు మనవారికి చెక్క బాధ లేదు గాని, షెడ్డులోని ఉక్క తప్పదు.

ఈ దురద ఎవరికైనను రావచ్చును. నూటికి 1 నుండి 5 మంది వరకు దీనికి లోనగుదురని వైద్యుల అంచనా. స్త్రీలకంటె పురుషులలో ఇది హెచ్చు. ఇది వచ్చినంతమాత్రమున మనిషి మురికివాడనియు, నడత చెడినదనియు అనుకొనరాదు. అయినను సిగ్గుచే భర్త భార్యకు చెప్పడు. కూతురు తల్లికి చెప్పదు. అందుచేతనే వారములో మానవలసిన ఒరపు నెలల తరబడి వేధించుచున్నది.

మనమే పెంచుకొను బాధ

తరచు జరుగునది ఇది. దురద మొదలు కాగానే శుభ్రత చాలలేదని తలచి సబ్బుతో గట్టిగా రుద్ది కడుగుదురు. సబ్బు చర్మముపైనుండు సహజమైన జిడ్డును తీసివేయును, మంట హెచ్చును. తరువాత క్రిమిసంహారక ద్రవము, ఉప్పునీరు, వేపాకు ముద్ద, పసుపు ఒకదానివెంట ఒకటి వేయుదురు. ఏదియు కుదరక పోగా, మందుల దుకాణములో చెవిలో చెప్పి ఒక ట్యూబు మందు తెచ్చుకొందురు. రెండుదినములలో దురద ఆగును. ట్యూబు మానగానే మరల వచ్చును. మరల ట్యూబు!

ఆ ట్యూబులలో పెక్కింటిలో స్టెరాయిడు కలిసియుండును. అది ఎఱ్ఱదనమును, దురదను తాత్కాలికముగ అణచును. కాని అసలు జబ్బు తామర అయినచో, స్టెరాయిడు చాటున అది మరింత వ్యాపించును. తామరకు గుర్తయిన వలయపు అంచు చెరిగిపోయి వైద్యుడు సయితము పోల్చుకొనుట కష్టమగును. పైగా చర్మము పలుచనై పగుళ్లు తీయును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇచట అక్షరాల సరిపోవును. ఇట్టి స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వము నిబంధన గావించినది. మనమును చీటీ లేక కొనరాదు.

కారణము నెరుగుట

మొదటిది నులిపురుగులు. పిల్లలలో ఇవి ఎక్కువ. ఆడపురుగు రాత్రివేళ వెలుపలికి వచ్చి మలద్వారము చుట్టు గ్రుడ్లు పెట్టును. అందుచే దురద రాత్రి హెచ్చును. గోకిన గోళ్లలో గ్రుడ్లు చేరి నోటికిని, పక్కబట్టలకును ప్రాకును. కావున ఒక్క బిడ్డకు మందిచ్చిన చాలదు. వైద్యుని సలహాపై ఇంటిల్లిపాది ఒకేదినమున ఆల్బెండజోలు వేసికొని, 2 వారములకు మరల వేసికొనవలెను. గర్భిణులకును, రెండేండ్లలోపు పిల్లలకును వైద్యు నడుగక ఈయరాదు. మందు తీసికొన్న మరునాడు పక్కబట్టలు వేడినీట ఉతికి ఎండవేయవలెను. 2015 నుండి ఫిబ్రవరి 10వ తేదీన, పలుచోట్ల ఆగష్టు 10న కూడ, బడులలోను అంగన్‌వాడీలలోను పిల్లలకు ఈ మాత్రను ఉచితముగ ఇచ్చుచున్నారు.

రెండవది తామర. అంచు ఎఱ్ఱగా ఉబ్బి, పొలుసులు లేచి, తొడల సందుకు వలయముగ ప్రాకును. దీనికి తగిన మందు పూతకు గాని, మాత్రకు గాని కలదు. మచ్చ మాసిన పిదపను వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను. ఒకరి తువాలు మరొకరు వాడరాదు.

మూడవది మధుమేహము. ఎఱ్ఱగా, తడిగా, చుట్టు చిన్న చిన్న పొక్కులతో వచ్చు దద్దురు మాటిమాటికి తిరుగబెట్టినచో రక్తములో చక్కెర చూపించుకొనవలెను. చక్కెర అదుపులోనికి రానిదే ఆ దద్దురు పూర్తిగా మానదు.

నాలుగవది మొలలు, చీలికలు, విరేచనములు. వీనిచే కొద్దిపాటి తడి ఎల్లప్పుడు స్రవించి చర్మమును ఒరపించును. ఇందు మూలవ్యాధికే చికిత్స చేయవలెను. ఇవిగాక గజ్జి, సోరియాసిస్, రాచిన మందే పడక వచ్చు దద్దురు మొదలగునవి కూడ కలవు. కొందరికి కాఫీ, టీ, మిరపకారము ఎక్కువైన దురద పెరుగును. రెండు వారములు తగ్గించి చూచిన తెలియును.

ఇంట చేయదగినది

మలవిసర్జనానంతరము ఆ చోటును సబ్బు లేక మంచినీటితో మాత్రమే కడుగవలెను. రుద్దక, మెత్తని నూలుగుడ్డతో అద్ది తడి పోగొట్టవలెను. తువాళ్లు నేసి దేశమునకు పంపు మనకు మెత్తని గుడ్డకు కరువు లేదు. పిదప జింకు ఆక్సైడు లేపనము గాని, వాసన లేని వాసలైను గాని పలుచగా రాయవచ్చును. బిగుతైన కృత్రిమ నూలు లోదుస్తులు మాని వదులైన నూలుబట్టలు ధరింపవలెను. చెమటబట్టను మధ్యాహ్నము మార్చవలెను. గంటకొకసారి మగ్గము దిగి కొంచెము నడువవలెను. రంగు అద్దువారు మలవిసర్జనకు వెళ్లుటకు ముందును, తరువాతను చేతులు కడుగుకొనవలెను. గోళ్లు కత్తిరించుకొనవలెను. మలబద్ధము లేకుండ రాగి, జొన్న, ఆకుకూరలు, తగినంత నీరు పుచ్చుకొనవలెను.

ఇట్లు రెండు వారములు చేసినను తగ్గనిచో చర్మవైద్యునికి చూపవలెను. ఇంతకుముందు రాచిన ట్యూబులన్నియు వెంట తీసికొనిపోవలెను. అవి చూచినగాని వైద్యునికి సంగతి బోధపడదు. రక్తము పడుట, గడ్డ తగులుట, మానని పుండు, చీము, తెల్లని మచ్చలు, బరువు తగ్గుట, మలవిసర్జన అలవాటు మారుట కనిపించినచో రెండు వారములును ఆగరాదు. ఇవి భగందరమునకు గాని, అరుదుగ కాన్సరుకు గాని గుర్తులు కావచ్చును. మొలలే గదా యని ఏండ్ల తరబడి ఊరకుండి, చివరకు నయముకాని స్థితిలో ఆసుపత్రి చేరువారు కలరు.

స్త్రీలు మగవైద్యునికి చూపుటకు జంకినచో ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టరును కోరవచ్చును. పెద్దలు తమ ఇండ్లలో ముందుగా ఈ మాట ఎత్తినచో పిన్నలకు జంకు పోవును. ఈ వ్యాసమును ఇంట ఒకరు చదివి తక్కినవారికి వినిపింపగోరుచున్నాము.