రెండు కత్తులు దిగిన రోజు

పిల్లలూ! పూర్వం జపానులో పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి, నడుముకు రెండు కత్తులు ధరించే హక్కు సమురాయిలకే ఉండేది. ప్రభువు వారికి బియ్యం జీతంగా కొలిచేవాడు. ఆ కొలత పేరు కోకు. ఒక కోకు సుమారు 150 కిలోలు, అంటే ఒక మనిషికి ఏడాది గ్రాసం.

1868లో మెయిజీ చక్రవర్తి పేర కొత్త ప్రభుత్వం ఏర్పడింది. 1871లో ప్రభువుల సంస్థానాలు రద్దయినాయి. 1873లో రైతుబిడ్డలు కూడా సైన్యంలో చేరాలని చట్టం వచ్చింది. 1876లో సమురాయిల జీతాలు ఆపి, బదులు బాండ్లిచ్చారు. సైనికులూ పోలీసులూ తప్ప ఎవరూ కత్తి ధరించరాదన్నారు. తాతలనాటి కత్తిని గూట్లో పెట్టి, రేపు ఏ పని చేసి మిమ్మల్ని పోషించాలో తోచని తండ్రిని ఊహించుకోండి! కొందరు బడిపంతుళ్లయినారు (మా వృత్తే!), కొందరు వర్తకంలో దిగి చేతులు కాల్చుకున్నారు.

1877లో సత్సుమా సమురాయిలు తిరగబడ్డారు. వారి నాయకుడు సైగో తకమోరి. చిత్రమేమంటే, ఆ కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టినవారిలో ఆయనా ఒకడు! వారికీ తుపాకులున్నాయి గాని మందుగుండు కరువైంది. రైతుబిడ్డలున్న సైన్యం చేతిలో వారు ఓడిపోయారు. సెప్టెంబరు 24న షిరోయామా కొండమీద సైగో మరణించాడు.

1889లో ప్రభుత్వమే ఆయనను క్షమించింది. టోక్యోలోని ఉయెనో పార్కులో 1898లో ఆయన విగ్రహం నిలిపారు. అందులో ఆయన సేనాని వేషంలో లేడు. మామూలు దుస్తులతో, కుక్కను వెంట పెట్టుకొని నిలబడి ఉన్నాడు.