పటము - ప్రదర్శనశాల: ప్రజాబోధక ప్రదర్శనముల నిర్మాణరీతి

ప్రభుత్వము ప్రజలకొక విషయమును తెలుపదలచినచో అచ్చు, వాక్కు, దృశ్యము అను మూడు సాధనములు గలవు. ప్రదర్శనము కేవలము దృశ్యసాధనమని సాధారణాభిప్రాయము. కాని యుద్ధకాలమునను, తదనంతరమునను వెలసిన ప్రదర్శనములను పరిశీలించినచో, దృశ్యమునకు క్రమమును, క్రమమునకు వాక్కును, ఈ రెండింటికిని సత్యమును తోడైనప్పుడే బోధ ఫలించునని తెలియును. ఇందు మొదటి రెండు సూత్రములును తెలంగాణపు పటకథకులకు చిరపరిచితములు. ఈ రెండు సంప్రదాయములను జతపరచి చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమైన 1939 సెప్టెంబరులో బ్రిటనున సమాచార మంత్రిత్వశాఖ ఏర్పడెను. దాని ప్రదర్శన విభాగమున మిల్నర్ గ్రే, మిషా బ్లాక్ మున్నగు రూపశిల్పులు పనిచేసిరి. ప్రజలను ప్రదర్శనశాలకు రప్పించుటకు మారుగా, ప్రజలు తిరుగాడు చోటికే ప్రదర్శనమును కొనిపోవుట వారి పద్ధతులలో నొకటి. లండనులోని చారింగ్ క్రాస్ భూగర్భ రైలుస్టేషను అట్టి తావులలో చేరినది. రైలు కొఱకు తొందరపడు ప్రయాణికుడు నిలుచునది కొద్ది నిమిషములే. కనుక అట్టి చోట ఒక ఫలకమున ఒకే విషయముండవలెను. అక్షరములు పెద్దవి కావలెను. మనిషి నడచు దిక్కుననే కథయు నడువవలెను.

భారతదేశమునను ఈ వ్యవస్థకు యుద్ధమే మూలము. 1941 జూనులో ప్రధాన పత్రికా సలహాదారుని క్రింద ప్రకటనల సలహాదారు పదవి ఏర్పడెను. 1942 మార్చి 1న అది సమాచార, ప్రసారశాఖలో ప్రకటనల విభాగమైనది. అదియే పెరిగి 1955 అక్టోబరు 1న ప్రకటనలు, దృశ్యప్రచార సంచాలక కార్యాలయమై, 2017లో ఇతర ప్రచారసంస్థలతో విలీనమగువఱకు ఆ పేరుతో నిలిచినది. యుద్ధకాలమున ప్రభుత్వము కోరినది ముఖ్యముగా విధేయత. స్వాతంత్ర్యానంతరము కోరవలసినది అవగాహన. సాధనమొకటియే అయినను ప్రయోజనము మారినది. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమున అక్షరాస్యులు 18.33 శాతము మాత్రమే. అనగా ఫలకముమీది వ్రాత పదిమందిలో ఎనిమిదిమందికి మూగదే.

ఈ చిక్కునకు పరిష్కారము మన పల్లెలలో పూర్వమే కలదు. నేతకు పేరుగన్న సిరిసిల్లయు, దాని పొరుగున గల ఎల్లారెడ్డిపేటయు పద్మశాలీల నివాసములు. తెలంగాణమున పద్మశాలీలకు వారి కులపురాణమైన మార్కండేయ పురాణమును చెప్పువారు కూనపులివారు. నకాషీ చిత్రకారులు వ్రాసిన పొడవైన గుడ్డపటమును వ్రేలాడగట్టి, చుట్ట విప్పుచు, ఒక్కొక్క బొమ్మను కఱ్ఱతో చూపుచు కథ నడుపుదురు. వరుస తప్పదు, చూపవలసిన బొమ్మ వచ్చువఱకు తక్కినది చుట్టలోనే యుండును, బొమ్మ విడిచిన సందును పలుకు పూరించును. ప్రేక్షకుడు సందేహమడిగిన బదులు చెప్పుటకు మనిషి యుండును. చదువరాని సభకు ఇంతకు మించిన ప్రదర్శనశాల ఏది? ఇచట వ్యాఖ్యాత అలంకారము కాడు, నిర్మాణములో ఒక భాగము.

ఒక ఉదాహరణము. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు అమలులోనికి వచ్చెను. అంతకుముందు రూపాయికి పదునాఱణాలు, అఱువదినాలుగు పైసలు. ఆపై నూఱు నయాపైసలు. నాలుగణాలకు సరిగా 25 నయాపైసలు వచ్చును గాని, ఒక అణాకు వచ్చునది ఆఱుంబావు. ఆ పావు ఎవరికి చెందవలెను? ఏడు హాలీ రూపాయలకు ఆఱు కల్దారు రూపాయల చొప్పున మార్పును ఎఱిగిన హైదరాబాదు రాజ్యప్రజలకు ఇది రెండవ లెక్క. పట్టికను గోడకు అంటించినచో లెక్క తెలిసినవాడే లాభపడును. నాణెములను ప్రక్కప్రక్కన పేర్చి, పావలా, అర్ధరూపాయి, రూపాయి అను వరుసలో ముందు సరిగా తెగు లెక్కను చూపి, పిమ్మట తెగని అణాను చూపి, చేతితో మార్పించినచో నేతకూలివాడు అంగడిలో మోసపోడు. ప్రదర్శనమున పొరపాటు జరిగినచో నష్టపోవునది నిర్మాత కాదు, ఆ కూలివాడే.

ఇక సత్యము. 1946లో లండనులో జరిగిన 'బ్రిటన్ కెన్ మేక్ ఇట్' ప్రదర్శనమునకు ప్రధాన రూపశిల్పి జేమ్స్ గార్డ్‌నర్. సుమారు 14 లక్షలమంది చూచిరి. అందలి వస్తువులు ఇప్పుడు, త్వరలో, తరువాత అను మూడు గుఱుతులతో దొరకు కాలమును తెలిపెను. చాలవఱకు అప్పటికి దొరకనివే అగుటచే, బ్రిటను పొందలేనిది అను అర్థము వచ్చునట్లు పత్రికలు పేరు మార్చి ఎగతాళి చేసెను. అయినను ఆ మూడు గుఱుతులు గొప్ప నిజాయితీ. ప్రణాళికల ప్రదర్శనములకు ఇదియే పాఠము. పోచంపాడు ప్రాజెక్టునకు 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసెను. నమూనాబొమ్మలో కాలువ ఆనాడే నిండుగా పారును. పొలమున పారుటకు ఏండ్లు పట్టును. ఎల్లారెడ్డిపేట రైతునకు దానిని చూపువాడు, ముందుగా అతడెఱిగిన నర్మాల ఎగువ మానేరు కట్టను ప్రక్కన పెట్టి ప్రమాణమును తెలుపవలెను. ఆపై నీరు ఏనాటికో, ఏ ఊరికి రాదో స్పష్టపఱుపవలెను. రాని నీటిని దాచిన బొమ్మ ఒకనాటి వేడుకయే గాని బోధ కాదు.

పటకథలను మనము ఇంతవఱకు సాహిత్యముగనో చిత్రకళగనో అధికముగా పరిశీలించితిమి. వానిని లోకమునకు విషయమును విప్పిచెప్పు సాధనముగ కూడ పరిశోధించుట అవసరము. ఒక్కొక్క బొమ్మవద్ద కథకుడు ఎంతసేపు నిలుచును, ఏది బొమ్మకు విడుచును, ఏది నోట పలుకును, సభ ఎచట ప్రశ్నించును అనునవి క్షేత్రమున నమోదు చేయదగిన అంశములు. పటము చుట్టుకొనిన పిదప సభలోనివాడు ఆ కథను ఇంటిలో తిరిగి చెప్పగలిగినచో బోధ సఫలమైనట్లు. ప్రభుత్వ ప్రదర్శనములకును ఇదియే తగిన పరీక్ష.