తాబేలు పెట్టెకు ఏ బల్బు?

మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి తరం మాది. అందుకే ఊరికి వస్తే చాలు, "జంతుశాస్త్రం చదివారు కదా, ఇంట్లో తాబేలును పెంచుకోవచ్చా, దానికి ఏ లైటు పెట్టాలి?" అని అడుగుతుంటారు. తెలిసినంత వివరిస్తాం.

ముందుగా చట్టం సంగతి. మన గంగారం అడవుల్లో, కుంటల్లో దొరికే తాబేళ్లను, ఉడుములను పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నక్షత్ర తాబేలుకు 2019 నుండి అంతర్జాతీయ వ్యాపారంలో కూడా అత్యున్నత రక్షణ ఉంది. పట్నంలో అక్వేరియం దుకాణాల్లో కనిపించే ఎర్ర చెవుల తాబేలు మాత్రం అమెరికాది. ఈ వ్యాసం అలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉన్నవారి కోసం.

సరీసృపాలు మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోలేవు. సూర్యుడి నుండి వాటికి మూడు అందుతాయి: వెలుగు, వేడి, అతినీలలోహిత 'బి' కిరణాలు. వెలుగు పగలు, రాత్రి తేడా చెబుతుంది. వేడి తిన్నది అరిగేలా చేస్తుంది. ఆ కిరణాలు చర్మంలో విటమిన్ డి3 తయారీని మొదలుపెడతాయి. డి3 లేకపోతే తిండిలో ఎంత కాల్షియం ఉన్నా ఒంటికి పట్టదు. డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి, చివరికి ప్రాణమే పోతుంది.

ఇప్పుడు బల్బుల సంగతి చూద్దాం. మన దగ్గర బుగ్గ అని పిలిచే పాత పసుపు బల్బు వాడే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. అందుకే వేడికి అది మంచిది. కానీ 'బి' కిరణాలు ఇవ్వదు. ఎల్‌ఈడీ బల్బు, మామూలు ట్యూబులైటు వెలుగుకే పనికొస్తాయి. 'బి' కిరణాలకు సరీసృపాల కోసం ప్రత్యేకంగా చేసిన యూవీబీ ట్యూబు కావాలి. అది వెలుగుతున్నట్టే కనిపించినా కిరణాల బలం తగ్గిపోతుంది. కాబట్టి కంపెనీ చెప్పిన గడువుకు, సాధారణంగా 6 నుండి 12 నెలలకు, మార్చాలి. మధ్యలో గాజు పలక అడ్డు పెడితే ఆ కిరణాలు దాదాపు ఆగిపోతాయి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ చాలదనడానికి కారణం ఇదే.

పెట్టెలో ఒక మూలన నీటిపైకి ఎక్కి కూర్చునేలా రాయి పెట్టాలి. బుగ్గ, యూవీబీ ట్యూబు రెండూ ఆ రాయి మీదే పడాలి. ఎందుకంటే డి3 తయారీ పూర్తి కావడానికి కిరణాలతో పాటు వేడి కూడా కావాలి. రాయి మీద 32 నుండి 35 డిగ్రీలు ఉండాలి. దీన్ని చేత్తో కాదు, థర్మామీటరుతో చూడాలి. ఎక్కువైతే బల్బును పైకి జరపాలి, లేదా తక్కువ వాట్ల బల్బు వేయాలి. రెండో మూల చల్లగా ఉండాలి. తనకు కావలసిన చోటును తాబేలే ఎంచుకుంటుంది. రోజుకు 10 నుండి 12 గంటల వెలుగు చాలు, రాత్రి చీకటి ఉండాలి.

నీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉంటాయి కనుక జాగ్రత్త. పింగాణీ హోల్డరు వాడి, బల్బు నీళ్లలో పడకుండా గట్టిగా బిగించి, చుట్టూ ఇనుప జాలీ కట్టాలి. స్విచ్చి ఆపకుండా నీళ్లలో చేయి పెట్టకూడదు. తాబేలును ముట్టాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సాల్మొనెల్లా భయంతోనే అమెరికాలో 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు.

ఖర్చు లేని దారి కూడా ఉంది. పొద్దుటి ఎండలో, వెడల్పాటి తొట్టిలో, సగం నీడ ఉంచి కాసేపు పెట్టాలి. గాజు తొట్టిని ఎండలో పెడితే మాత్రం అది ఉడికిపోతుంది.

రూపాయి బిళ్లంత ఉన్న ఈ తాబేలు పళ్లెమంత పెరిగి 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. పెంచలేమని చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండికి, చోటుకు పోటీ వస్తుంది. కాబట్టి కొనకముందే ఆలోచించండి. మన కుంటలోని తాబేలుకు మాత్రం ఏ బల్బూ అక్కరలేదు. దాని జోలికి పోకుండా ఉంటే చాలు.