కౌమారంలో కుంగుబాటు – మెదడులోని మార్గాలు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుండి గోదావరి జలాలు కాలువలుగా, బోదెలుగా చీలి మన రామచంద్రపురం ప్రాంతపు చేలను తడుపుతున్నాయి. అయితే కాలువలో నీరున్నంత మాత్రాన చాలదు. పంపకంలో లోపముంటే శివారు భూములు ఎండిపోతాయి. అందుకు శివారు రైతును సోమరి అని నిందించడం న్యాయం కాదు. కుంగుబాటుకు లోనైన విద్యార్థి విషయమూ ఇటువంటిదే.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఏ ఒక్క భాగమూ ఒంటరిగా పనిచేయదు. దూరదూరంగా ఉన్న భాగాలు కూడా ఒకే లయలో పనిచేస్తూ జాలాలుగా ఏర్పడతాయి. రక్తంలోని ప్రాణవాయువు మార్పులను అయస్కాంత చిత్రణ ద్వారా గుర్తించే మార్గాన్ని 1990లో జపాను శాస్త్రజ్ఞుడు ఒగావా చూపాడు. మనిషి ఊరక పడుకొని ఉన్నప్పుడు సైతం సంబంధమున్న భాగాల సంకేతాలు కలిసి హెచ్చుతగ్గులవుతాయని 1995లో భరత్ బిస్వాల్, ఆయన సహచరులు నిరూపించారు. హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.లో ఆచార్య సూరంపూడి బాపిరాజు వంటివారు ఈ జాలాలను గణితపరంగా పరిశీలిస్తున్నారు.

వీటిలో మూడు జాలాలు ముఖ్యమైనవి. మొదటిది తన్ను గురించి, గతాన్ని గురించి తలపోసేది. రెండవది ఏకాగ్రతకు, నిర్ణయానికి తోడ్పడేది. మూడవది ఏ విషయం ముఖ్యమో గుర్తించి, కాలువ మీది లస్కరు వలె ధ్యానాన్ని అటు మళ్ళించేది. కుంగుబాటులో ఈ మూడింటి పొందిక మారుతున్నట్లు పెక్కు పరిశోధనలు సూచిస్తున్నాయి. ఒకసారి తప్పిన పరీక్షనే మనస్సు పదేపదే తలచుకొంటూ, పుస్తకంపై నిలువలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చును. కుంగుబాటు గలవారిలో మూడవ జాలం దాదాపు రెట్టింపు స్థలాన్ని ఆక్రమిస్తున్నదని 2024లో ఒక అధ్యయనం వెల్లడించింది. తరువాత కుంగుబాటుకు లోనైన పిల్లలలో ఆ తేడా లక్షణాలు కనిపించక మునుపే ఉండడం గమనార్హం.

అయినా తొందరపడరాదు. అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పడం లేదు. మొదటి జాలంలో బంధాలు బిగుసుకొన్నాయని కొన్ని, సడలాయని కొన్ని తెలిపాయి. ఇవన్నీ సమూహాల సగటులు. ఒక్కని చిత్రం చూచి రోగాన్ని నిర్ణయించడం నేటికీ సాధ్యం కాదు.

కౌమారమే ఎందుకు కీలకం? ఉద్వేగాలకు సంబంధించిన భాగాలు ముందుగా పరిపక్వమవుతాయి. వాటిని అదుపుచేసే ముందరి మెదడు ఇరవై అయిదేళ్ళ వరకు పెరుగుతూనే ఉంటుంది. అందుచేత ఈ వయస్సు ప్రమాదకరమూ, ఆశాజనకమూ కూడా. ఇంకా తవ్వుతున్న కాలువను సరిచేయడం సులభం కదా! తగినంత నిద్ర, వ్యాయామం, నిపుణునితో సంభాషణ, అవసరమైతే వైద్యుడిచ్చే మందు మేలు చేస్తాయి.

తెలుగులో దిగులన్నా, ఉర్దూలో ఉదాసీ అన్నా ఆ బాధ ఒక్కటే. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి తగ్గిన మిత్రుని "బద్ధకస్తుడు" అనకండి; దగ్గర కూర్చొని వినండి. చనిపోవాలన్న మాట అతని నోట వినిపిస్తే ఒంటరిగా విడువక, వెంటనే పెద్దలకు తెలపండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చును. కళాశాల పెద్దలు సైతం విద్యార్థి గోడు వినడానికి ఒక గదిని, ఒక ఉపాధ్యాయుని కేటాయిస్తే ఎందరికో మేలు చేసినవారవుతారు. శివారు పొలానికి నీరు చేరినప్పుడే కదా కాలువకు సార్థకత!