తేనెటీగల జబ్బుకు పుట్టగొడుగు మందు

తొలకరి జల్లు పడగానే పుట్టల మీద, చేలగట్ల మీద పుట్టగొడుగులు మొలుస్తాయి. వాటితో కూర వండుకోవడం పల్లెవాసులకు కొత్త కాదు. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో వైరస్‌ను అణిచే గుణం కూడా ఉన్నదని అమెరికాలో తేనెటీగలపై జరిపిన ప్రయోగాల్లో తేలింది.

పైకి కనిపించే గొడుగు పుట్టగొడుగులో కొంత భాగమే. మిగతాది మట్టిలోనూ, పుచ్చిన కర్రలోనూ తెల్లని దారాలుగా అల్లుకుని ఉంటుంది. పాల్ స్టామెట్స్ అనే పుట్టగొడుగుల పెంపకందారు 1984లో తన తోటలో ఒక వింత చూశాడు. తేనెటీగలు గుంపుగా వచ్చి ఆ దారాలపై ఊరిన బొట్లను పీల్చుకుంటున్నాయి. కారణం అప్పుడాయనకు బోధపడలేదు.

తేనెటీగలను వర్రోవా అనే నల్లి పీడిస్తుంది. అది రక్తం పీల్చే గోమారిలా ఈగలను పట్టుకుని, ఒకదాని నుంచి మరొకదానికి వైరస్‌ను అంటిస్తుంది. ఆ వైరస్ సోకిన ఈగ రెక్కలు ముడుచుకుపోయి పుడుతుంది. అది ఎగరలేదు, తేనె తేలేదు. క్రమంగా పట్టు మొత్తం నశిస్తుంది. తేనెటీగలు తగ్గితే పూలలో పరాగ సంపర్కం జరగక పంటల దిగుబడీ పడిపోతుంది.

వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని కీటక శాస్త్రజ్ఞులు స్టామెట్స్‌తో కలిసి దీనిపై పరిశోధించారు. చెట్ల మానులపై గట్టిగా పెరిగే పుట్టగొడుగుల దారాల నుంచి సారం తీసి, పంచదార పాకంలో కలిపి ఈగలకు పెట్టారు. 2018లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక రకం సారం తాగిన పట్టుల్లో రెక్కల వైరస్ 79 రెట్లు తగ్గింది. మరో రకం సారంతో ఇంకొక వైరస్ 45 వేల రెట్లు తగ్గింది. అయితే సారంలోని ఏ పదార్థం పనిచేసిందో ఆ ప్రయోగంలో తేలలేదు.

మరి మనుషుల మాటేమిటి? ఈగకు పనిచేసినది మనిషికీ పనిచేస్తుందని చెప్పడానికి వీల్లేదు. వైరస్ జ్వరాలను పుట్టగొడుగు నయం చేస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. పిచ్చికుక్క కరిస్తే వెంటనే పుండును సబ్బునీటితో బాగా కడిగి, ఆసుపత్రికి వెళ్లి టీకాలు వేయించుకోవాలి. నాటుమందుల కోసం తిరిగితే ప్రాణం పోతుంది.

ఇంకొక ప్రమాదమూ ఉంది. అడవి పుట్టగొడుగుల్లో కొన్ని ప్రాణాంతకమైనవి. ఎంత ఉడికించినా వాటి విషం పోదు. తిన్న ఆరు గంటలు దాటాక గాని వాంతులు, విరేచనాలు మొదలు కావు. మధ్యలో తగ్గినట్టు అనిపించినా లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అందువల్ల తెలియని పుట్టగొడుగును కూరగా గాని, మందుగా గాని ముట్టరాదు. పొరపాటున తింటే బాధ మొదలయ్యేదాకా ఆగకుండా, మిగిలిన ముక్కను వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.