పంటి బాధ: ఏది తెల్లవారేదాకా ఆగుతుంది, ఏది ఆగదు?



"పంటి నొప్పితో ప్రాణాలు పోతాయా?" అని చాలామంది నవ్వుతూ అడుగుతారు. నొప్పి వల్ల పోవు. కానీ ఆ నొప్పికి కారణమైన చీము మెడలోకి దిగితే ప్రాణాపాయమే. అలాగే, దెబ్బ తగిలి ఊడిపడిన పన్నును బతికించుకోవడానికి మన చేతిలో ఉండేది ఒక గంటలోపు సమయమే. ఈ రెండింటిలోనూ ఆలస్యమే ఎక్కువ నష్టం చేస్తుంది. మిగిలిన పంటి బాధల్లో చాలావరకు ఒకటి రెండు రోజులు ఆగగలవు. ఏది ఏ రకమో ఇంట్లో వాళ్ళు గుర్తుపట్టగలగాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పన్ను అంతగా ఎందుకు పోటు పెడుతుంది?

పన్ను పైభాగం రాయిలా గట్టిగా ఉంటుంది. లోపల మెత్తని గుజ్జు, అందులో నరం, రక్తనాళాలు ఉంటాయి. పుచ్చు ఆ గుజ్జు దాకా చేరితే అది వాస్తుంది. ఒంట్లో మరోచోట వాస్తే చర్మం సాగుతుంది. పన్నులో సాగడానికి చోటు లేదు. అందుకే ఆ పోటు. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా చేరుతుంది కనుక రాత్రిపూట ఇంకా ఎక్కువవుతుంది.

కొన్ని రోజులకు నొప్పి దానంతటదే ఆగితే చాలామంది "తగ్గిపోయింది" అని ఊరుకుంటారు. ఇక్కడే పొరబడతారు. లోపలి నరం చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది. క్రిములు మాత్రం ఆగవు. వేరు చివరిదాకా వెళ్ళి ఎముకలో చీముగడ్డ కడతాయి. కొన్ని వారాలకో, నెలలకో బుగ్గ వాచినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు.

వెంటనే బయలుదేరవలసిన గుర్తులు

• దవడ కింద, గడ్డం కింద లేదా మెడ మీద వాపు, అది గంటగంటకూ పెరగడం
• నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం
• ఉమ్మి మింగలేక చొంగ కారడం, నాలుక పైకి లేచినట్టు ఉండడం, మాట ముద్దగా రావడం
• ఊపిరి ఆడకపోవడం, పడుకోలేక లేచి కూర్చోవడం
• కంటి చుట్టూ వాపు వచ్చి కన్ను మూసుకుపోవడం
• వాపుతో పాటు చలిజ్వరం, మగత

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "రేపు ఆదివారం కదా, సోమవారం చూద్దాం" అనుకోవద్దు. కింది దవడ వెనక పళ్ళ చీము నాలుక కిందకు, మెడలోకి పాకి ఊపిరి దారిని నొక్కేస్తుంది. ఈ జబ్బును 1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ వివరించాడు. అందుకే దీనికి లుడ్విగ్స్ ఆంజైనా అని పేరు. యాంటీబయాటిక్ మందులు లేని రోజుల్లో ఇది వచ్చినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు వేళకు వస్తే చాలామంది బతుకుతున్నారు.

ఇలాంటి రోగిని చిన్న పళ్ళ క్లినిక్కుకు కాక, ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. 108కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో ఈ అంబులెన్సు 2005 ఆగస్టు 15 నుండి ఉచితంగా నడుస్తోంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి తీసుకురండి. దారిలో ఏమీ తినిపించవద్దు. షుగరు ఉన్నవారికి చీము త్వరగా పాకుతుంది కాబట్టి వారు చిన్న వాపునైనా తేలిగ్గా తీసుకోరాదు.

మరొక ముఖ్య విషయం. పళ్ళు బాగానే ఉండి, ఉన్నట్టుండి కింది దవడలో లాగినట్టు నొప్పి, దానితో ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. పళ్ళ డాక్టరు కోసం వెతకవద్దు. 108ని పిలవండి.

దెబ్బకు పన్ను ఊడితే

బైకు మీద నుండి పడినప్పుడు, క్రికెట్ బంతి తగిలినప్పుడు, బడి మెట్ల మీద జారినప్పుడు ముందు పళ్ళు ఊడుతుంటాయి. స్పృహ తప్పినా, వాంతులైనా, దవడ వంకరపోయి పళ్ళు కలవకపోయినా ముందు పెద్ద ఆసుపత్రికే వెళ్ళండి. అలాంటివి లేకపోతే ఇలా చేయండి.

1. పన్ను వెతకండి. తెల్లగా మెరిసే పైభాగాన్ని పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు. వేరుకు అంటుకున్న సన్నని పొరలోని కణాలు బతికి ఉంటేనే పన్ను తిరిగి అతుకుతుంది.
2. మట్టి అంటితే పాలతో గానీ, మంచినీళ్ళతో గానీ కొద్ది క్షణాలు కడగండి. తోమవద్దు, గుడ్డతో తుడవవద్దు, సబ్బు పెట్టవద్దు.
3. పిల్లవాడు సహకరిస్తే పన్నును దాని గుంటలోనే సరైన వైపుగా నిలిపి, శుభ్రమైన చేతిరుమాలు మెల్లగా కొరికి పట్టుకోమనండి.
4. అలా కుదరకపోతే గ్లాసెడు చల్లని పాలలో వేయండి. మన ఊళ్ళలో పాలకు కొదవ లేదు. పాకెట్ పాలైనా, కాచి చల్లార్చినవైనా ఫరవాలేదు. పాలు దొరకకపోతే ఓఆర్ఎస్ కలిపిన నీళ్ళలో వేయవచ్చు. కొబ్బరి నీళ్ళకు కొంత పులుపు గుణం ఉంటుంది కనుక పాలే మేలు. కాగితంలో చుట్టి జేబులో వేసుకుంటే వేరు ఎండిపోతుంది.
5. అరగంటలో చేరగలిగితే చాలా మంచిది. గంట దాటినా పన్నును పారేయకుండా తీసుకురండి. ప్రయత్నం చేయవచ్చు.

పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు. కింద ఉన్న కొత్త పన్నుకు దెబ్బ తగులుతుంది. ఏది పాలపన్నో, ఏది అసలు పన్నో తెలియకపోతే పాలలో వేసి తీసుకురండి. ఊడిన పన్ను ఎక్కడా దొరకక, పిల్లవాడికి దగ్గు, ఆయాసం ఉంటే అది ఊపిరి గొట్టంలోకి పోయిందేమోనని అనుమానించాలి. పన్ను విరిగితే ఆ ముక్కను కూడా తీసుకురండి. గాయంలో మట్టి పడితే టీటీ ఇంజక్షన్ సంగతి అడగండి.

ఎక్కడికి వెళ్ళాలి?

పెదవేగి, దెందులూరు వారికి ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ డెంటల్ కాలేజీ ఉంది. భీమవరం వైపు వారికి విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. తాడేపల్లిగూడెం వారు తమకు ఏది దగ్గరో చూసుకోవాలి. కొల్లేరు లంకల వారు, చేపల చెరువుల మీద కాపలా ఉండేవారు దారి, బండి, వరద రోజుల్లో అయితే పడవ, ముందే ఆలోచించి పెట్టుకోవాలి. వాపు మొదలైనప్పుడే బయలుదేరితే అర్ధరాత్రి పరుగులు తప్పుతాయి.

పన్ను తీయించుకున్నాక రక్తం ఆగకపోతే

శుభ్రమైన గాజుగుడ్డను మడతపెట్టి, పన్ను తీసిన చోట ఉంచి 30 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోండి. మధ్యలో తీసి చూడవద్దు. మాటిమాటికీ ఉమ్మితే, పుక్కిలిస్తే కట్టిన గడ్డ ఊడిపోతుంది. చుట్ట, బీడీ, గుట్కా ముట్టవద్దు. రెండుసార్లు ఇలా చేసినా ఆగకపోతే ఆసుపత్రికి రండి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వాటిని సొంతంగా మానరాదు.

తెల్లవారేదాకా ఉపశమనం

వాపు, జ్వరం లేని నొప్పికి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించండి. తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. పెద్దవారు పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్రలు ఒకటి లేదా రెండు, ఆరు గంటలకొకసారి వేసుకోవచ్చు. 650 మి.గ్రా. మాత్ర అయితే ఒక్కటే. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు డాక్టరును అడగాలి. పిల్లలకు బరువును బట్టే మోతాదు. లవంగ నూనెను చిన్న దూది మీద ఒక చుక్క వేసి పుచ్చులో పెట్టవచ్చు. చిగుళ్ళకు పూయవద్దు.

ఇవి మాత్రం చేయవద్దు:

• జిల్లేడు పాలు, పొగాకు, నలిపిన ఆస్పిరిన్ మాత్ర పన్ను దగ్గర పెట్టడం. నోరు పుండవుతుంది.
• వాచిన బుగ్గకు వేడి కాపడం పెట్టడం. కావాలంటే గుడ్డలో చుట్టిన ఐసు పైనుంచి ఆనించండి.
• చీముగడ్డను సూదితో పొడవడం.
• మందుల షాపులో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ వాడి మానేయడం. చీముకు దారి చేయనిదే, పన్నుకు వైద్యం చేయనిదే ఆ మందు ఒక్కటే జబ్బును మాన్పదు.

నొప్పి తగ్గినా ఆ వారంలోనే పన్ను చూపించుకోండి. నరానికి వైద్యం చేసి పన్నును నిలుపుకోవడమో, తీయించుకోవడమో డాక్టరు చెబుతారు. రెండు వారాలు దాటినా మానని నోటిపుండు ఉంటే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి.

ఈ పేజీని కత్తిరించి వంటింటి గోడకు అంటించుకోండి. వాపు మెడకు దిగితే 108. పన్ను ఊడితే పాలు. ఈ రెండు మాటలు ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.